గార్డెన్ ట్రాక్టర్‌కి ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు: ఏది కొనాలి, ఎలా బిగించాలి

మీ గార్డెన్ ట్రాక్టర్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క కీకే స్టార్టయి, ఇరవై నిమిషాలు గడ్డి కోశాక నసిగి నసిగి ఆగిపోతోందా? పావుగంట చెట్టు కింద నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతోందా? అయితే మీ బండికీ నా బండికీ ఒకటే జబ్బు.

నాది విజయవాడ పక్కన నున్న దగ్గర రెండెకరాల మామిడి తోట. చెట్ల మధ్య గడ్డి కోయడానికి ఒక క్యాంపస్ వాళ్లు పక్కన పడేసిన పాత పెట్రోల్ గార్డెన్ ట్రాక్టర్ కొన్నాను. 20 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు, కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజనుకి ఇచ్చే భాగం) ఉన్న మోడల్. మొదటి ఎండాకాలంలోనే పంపు పోయింది. ఒక మెకానిక్ కుర్రాడికి చూపిస్తే, "ఈ పంపు ఎక్కడా దొరకదు బాబాయ్, బైకుది వేసేద్దాం" అని ఫ్యూయల్ ఇంజెక్షన్ బైకు పంపు తెచ్చి బిగించాడు. కీ తిప్పిన అర నిమిషానికి కార్బొరేటర్ పొంగింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అంచు నుంచి పెట్రోల్ కారి, సైలెన్సర్ పక్కనే బొట్లు బొట్లుగా పడింది. అప్పటికి ఇంజను చల్లగా ఉంది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

ఆ తర్వాత నేనే కూర్చుని నేర్చుకున్నాను. ఈ బండికి బలమైన పంపు అక్కర్లేదు. బలం తక్కువ పంపు కావాలి, ఇంజను ఆగిన మరుక్షణం అది కూడా ఆగాలి. కింద చెప్పేదంతా ఈ రెండు మాటల కోసమే.

ముందు పంపే పోయిందో లేదో చూడండి

ఈ బండ్లలో చాలావాటికి ట్యాంకు సీటు కిందో వెనక మడ్‌గార్డు దగ్గరో కిందుగా ఉంటుంది, కార్బొరేటర్ పైన ఉంటుంది. మోపెడ్‌లో లాగా పెట్రోల్ దానంతటది దిగదు. దాన్ని లాగేది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పల్స్ పంపు. దానికి కరెంటు పనిలేదు. పిస్టన్లు ఆడుతుంటే క్రాంక్‌కేస్‌లో, అంటే ఇంజను కింది గదిలో, గాలి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒక సన్న గొట్టం ద్వారా ఆ ఊపు పంపులోకి వెళ్లి డయాఫ్రం అనే పల్చటి రబ్బరు పొరను కొట్టుకునేలా చేస్తుంది. ఆ కొట్టుకోవడమే పెట్రోల్‌ని లాగుతుంది.

ఈ రబ్బరు పొరకి మన దగ్గర ఇద్దరు శత్రువులు. ఒకటి ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇంజను పక్కన వేలాడే రబ్బరు ఎంత? రెండోది ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ 2023లో బంకుల్లోకి రావడం మొదలైంది, 2025కల్లా అదే మామూలు పెట్రోల్ అయిపోయింది. ఈ బండ్లకి వచ్చే దిగుమతి ఇంజన్ల మాన్యువల్ తిరగేస్తే మామూలుగా 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటారు. పాత రబ్బరు ఇథనాల్‌కి ఉబ్బుతుంది, తర్వాత గట్టిపడి చీలుతుంది.

అయినా పంపు కొనడానికి పరుగెత్తకండి. ముందు ట్యాంకు మూత కాస్త వదులు చేసి బండి నడపండి. ఆగకుండా నడిస్తే జబ్బు మూతలో ఉంది. గాలి పోయే బెజ్జం దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ పట్టి పెట్రోల్ రాదు. గుండుసూదితో పోయే జబ్బు ఇది. తర్వాత ఫిల్టరు మార్చి చూడండి. ట్యాంకు నుంచి పంపు దాకా పైపుని వేళ్లతో నొక్కుకుంటూ వెళ్లండి. మెత్తబడి చదునైన చోటు ఉంటే, వేడికి అక్కడ లోపలికి అతుక్కుపోతుంది.

ఇవన్నీ బాగుంటే పాత మోపెడ్ ట్యాంకు ఒకటి, కాక్‌తో సహా, సంపాదించండి. కార్బొరేటర్‌కి ఒక మీటరు ఎత్తున గట్టిగా కట్టి, దాన్నుంచి పైపు నేరుగా కార్బొరేటర్‌కి పెట్టండి. ఒక మీటరు ఎత్తు పెట్రోల్ దాదాపు 1 పీఎస్‌ఐ ఒత్తిడి ఇస్తుంది, కార్బొరేటర్‌కి అది చాలు. అలా అరగంట ఎండలో ఆగకుండా నడిచిందంటే కార్బొరేటర్, ఇగ్నిషన్ రెండూ మంచివే, తప్పు పంపుది. అలా కూడా ఆగిపోతే పంపు మార్చి లాభం లేదు, ఇగ్నిషన్ కాయిల్ వేడికి మొరాయిస్తోందేమో చూడాలి.

చివరగా ఇంజను వైపు నుంచి పంపుకి వచ్చే ఆ సన్న గొట్టం పీకి వాసన చూడండి. అందులో గాలి, కాస్త ఆయిల్ ఆవిరి తప్ప ఏమీ ఉండకూడదు. పెట్రోల్ తడి ఉంటే డయాఫ్రం చిరిగినట్టే. అప్పుడు ఇంజను ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ కూడా తీయండి. ఆయిల్ లెవెల్ పెరిగి, పెట్రోల్ కంపు కొడుతుంటే బండిని ఇక స్టార్ట్ చేయకండి. పెట్రోల్ కలిసిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. నా బండిలో ఆయిల్ నీళ్లలా పల్చగా జారింది. డ్రెయిన్ చేస్తే పోసినదాని కంటే ఎక్కువే వచ్చింది!

మీ మోడల్‌కి కొత్త పల్స్ పంపు దొరికితే అదే వేసుకోవడం తేలిక. నాకు అది దొరక్కపోవడం ఒక కారణం, ఎండకి పైపులో పెట్రోల్ ఆవిరి పట్టే గొడవ దానితో పూర్తిగా పోదని రెండో కారణం. అందుకే ఎలక్ట్రిక్ వైపు వచ్చాను.

ఏ పంపు కొనాలి

షాపులో అడగాల్సిన మొదటి మాట ప్రెషర్. కార్బొరేటర్ లోపల ఫ్లోట్ అనే తేలే బుడ్డి లేచి, నీడిల్ అనే సూది మూతని నొక్కి పెట్రోల్ ఆపుతుంది. అది చిన్న ఫ్లోట్, దాని బలమెంత? 2 నుంచి 3 పీఎస్‌ఐ దాకా ఆపగలదు. అంటే 0.14 నుంచి 0.2 బార్. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి పంపు 3 బార్ దగ్గర కొడుతుంది, అంటే 43 పీఎస్‌ఐ. నా బండిలో పొంగింది ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఆటోనగర్‌లో అడిగితే కొందరు మారుతి 800 పంపు చూపిస్తారు. ఇంజెక్షన్ మోడల్‌ది ట్యాంకులో పెట్రోల్‌లో మునిగి ఉండే హై ప్రెషర్ పంపు. కార్బొరేటర్ మోడల్‌ది క్యామ్‌తో ఆడే మెకానికల్ పంపు, దానికి కరెంటే ఉండదు. రెండూ మనకి పనికిరావు. "కార్బొరేటర్ బండికి, పైపులో బిగించే, 12 వోల్టుల లో ప్రెషర్ పంపు" అని అడగండి. డబ్బా మీద 1.5 నుంచి 3 పీఎస్‌ఐ లోపు అని ఉండాలి. 4 నుంచి 7 అని ఉంటే అది కార్లకి, పెట్టుకుంటే ప్రెషర్ రెగ్యులేటర్ కూడా కొనాలి. చవక రెగ్యులేటర్ల మీద అంకెలు నేను నమ్మను, పైపు మధ్య టీ ఆకారపు జాయింటు పెట్టి గేజ్‌తో చూస్తేనే నిజం తెలుస్తుంది.

రెండో లెక్క గంటకి ఎన్ని లీటర్లు అనేది. ఇక్కడ పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదు. 20 హార్స్‌పవర్ పెట్రోల్ ఇంజను ఫుల్ లోడ్‌లో గంటకి 7 లీటర్ల దగ్గర తాగుతుంది. గంటకి 30 లీటర్లు పోసే పంపు ధారాళంగా సరిపోతుంది. 100 లీటర్లు అని గొప్పగా రాసి ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

రకాల్లోకి వస్తే, రెండు ఎక్కువగా దొరుకుతాయి. ఒకటి చిన్న చతురస్రపు డబ్బాలాంటిది. లోపల సోలినాయిడ్ అనే కరెంటు అయస్కాంతం, దానితో ముందుకీ వెనక్కీ ఆడే ప్లంజర్ ఉంటాయి. కీ వేయగానే టక టక టక మంటుంది, ఒత్తిడి నిండాక చప్పుడు నెమ్మదిస్తుంది. రెండోది మోటారుతో తిరిగే గుండ్రటి పంపు, గుయ్‌మంటుంది. నా ఓటు మొదటిదానికే. కరెంటు 1 నుంచి 2 ఆంపియర్లు మాత్రమే తింటుంది, తనంతట తాను పెట్రోల్ లాక్కుంటుంది, అన్నిటికంటే మేలు ఏమిటంటే చప్పుడు వింటేనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. పైపులో పెట్రోల్ లేకపోతే గబగబా కొట్టుకుంటుంది.

కొనేటప్పుడు ఇథనాల్ పెట్రోల్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి. షాపతను నోటితో చెప్పింది లెక్కలోకి రాదు.

ఇంకొక చిక్కు బండి చార్జింగ్‌ది. కొన్ని చిన్న ఇంజన్లలో బ్యాటరీ చార్జింగ్‌కి 3 ఆంపియర్లే వస్తాయి, లైట్లకి వేరే వైండింగ్ ఉంటుంది. అలాంటిదానిలో పంపు సగం కరెంటు తినేస్తే, బ్యాటరీ సరిగా చార్జ్ కాక మెల్లగా డౌన్ అవ్వచ్చు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.5 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే దిగుల్లేదు.

గుంటూరు వైపు మిర్చి, పత్తి సాళ్లలో తిరిగే మినీ ట్రాక్టర్లు డీజిల్‌వి. వాటి కథ వేరు. అక్కడ ఫీడ్ పంపు ఇంజెక్షన్ పంపుకి డీజిల్ అందిస్తుంది, డీజిల్‌కి అని రాసి ఉన్న పంపే పెట్టాలి, బిగించాక ఎయిర్ తీయాలి. ఇక్కడ చెప్పేది పెట్రోల్ బండి గురించే.

సామాను

పంపుతో పాటు 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పెట్రోల్ పైపు రెండు మీటర్లు, మంచి క్లిప్పులు ఎనిమిది, ఫిల్టర్లు రెండు, ఫ్యూజు డబ్బీ, 5 ఆంపియర్ల ఫ్యూజు, ఐదు పిన్నుల రిలే (కరెంటుతో మారే స్విచ్) దాని సాకెట్‌తో, హారన్ బటన్ ఒకటి, 1 ఎంఎం వైరు, రబ్బరు బుష్షులు, పెట్రోల్ కాక్.

పైపు దగ్గర పిసినారితనం వద్దు. కూలర్‌కి వాడే తెల్ల గొట్టం పెట్రోల్‌కి పెళుసై విరుగుతుంది. పైపు మీద 30ఆర్7 అని అచ్చు ఉంటే కార్బొరేటర్ ఒత్తిడికి సరిపోతుంది, 30ఆర్9 అని ఉంటే ఇథనాల్‌ని ఇంకా బాగా తట్టుకుంటుంది. తేడా కొన్ని వందలే. బొక్కలు బొక్కలుగా ఉండే పట్టీ క్లిప్పు బిగించేకొద్దీ పైపుని కోస్తుంది. పట్టీ నున్నగా ఉండి చివర చిన్న బోల్టు ఉండే క్లిప్పులు అడగండి.

ఎక్కడ బిగించాలి

పంపుకి తోయడం బాగా వచ్చు, లాగడం అంతగా రాదు. అందుకే ట్యాంకుకి దగ్గరగా, ట్యాంకు అడుగు మట్టానికో ఇంకాస్త కిందికో బిగించాలి. ఇంజను దగ్గర చోటు ఉంది కదా అని అక్కడ పెడితే పాత జబ్బే తిరిగొస్తుంది. ఎందుకంటే పెట్రోల్‌లో తేలికపాటి భాగం 40 డిగ్రీల లోపే ఆవిరి అవ్వడం మొదలుపెడుతుంది. పైపులో లాగుతున్నప్పుడు ఒత్తిడి తగ్గుతుంది, తగ్గినచోట ఇంకా తొందరగా ఆవిరి బుడగలు పడతాయి. అదే వెనకనుంచి తోస్తే పైపంతా ఒత్తిడి మీద ఉంటుంది, బుడగలు అంత తేలిగ్గా పుట్టవు. మే నెలలో మధ్యాహ్నం నా బండి ఆగకుండా నడుస్తోందంటే ముఖ్యంగా ఈ చోటు మార్పు వల్లే.

సోలినాయిడ్ పంపుని నిలువుగా పెట్టండి, పెట్రోల్ లోపలికి వచ్చే మూతి కింద, బయటికి పోయే మూతి పైన. బాడీ మీద బాణం గుర్తు ఉంటుంది. కాస్త వాలినా ఫర్వాలేదు కానీ తలకిందులు చేయకండి. సైలెన్సర్‌కి దూరంగా, బ్లేడు బెల్టుకి అందకుండా, చక్రం చిమ్మే రాళ్లు తగలని చోటు చూసుకోండి. నేను సీటు కింద ఫ్రేము లోపలి వైపు బిగించాను.

ఫ్రేముకి బెజ్జం వేయాలంటే ముందు ట్యాంకు తీసి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకే కదా అనుకోకండి, నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేలమీద పాకుతూ గొయ్యిలోకో షెడ్డు మూలకో చేరి కూర్చుంటుంది. అందుకని ఈ పనంతా పొద్దున్నే, బయట గాలి ఆడేచోట చేయండి. బ్యాటరీ నెగటివ్ వైరు ముందే తీసేయండి. పక్కన మంటలార్పే డీసీపీ పౌడర్ సిలిండర్ ఉండాలి, బీడీ కాల్చే వాళ్లు ఉండకూడదు. మా తోట కాపలా తాతకి ఈ సంగతి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

పంపుని రబ్బరు బుష్షుల మీద కూర్చోబెడితే ఫ్రేమంతా టకటక మోగకుండా ఉంటుంది. ఇక్కడ ఒక మోసం ఉంది. కొన్ని పంపులకి ఒకే వైరు వస్తుంది, ఎర్త్ బాడీ నుంచే తీసుకుంటుంది. రబ్బరు వేస్తే ఎర్త్ పోతుంది. కాబట్టి బిగించే బోల్టు కిందే ఒక నల్ల వైరు పెట్టి బ్యాటరీ నెగటివ్ దాకా లాగండి. రంగు మీద బిగిస్తే ఎర్త్ అందదు, గీకి మెరిసే ఇనుము కనబడాలి.

పాత పంపు తీయడం, పైపులు వేయడం

పల్స్ పంపు తీసేశాక క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆ సన్న గొట్టం ఉత్తినే వేలాడదీయకండి. చాలామంది చేసే తప్పు ఇదే. అందులోంచి ఆయిల్ చిమ్ముతుంది, దుమ్ము నేరుగా ఇంజన్లోకి పోతుంది. గొట్టం మొత్తం తీసేసి, మూతికి రబ్బరు టోపీ పెట్టి క్లిప్పు వేయండి. టోపీ దొరక్కపోతే రెండంగుళాల గొట్టం ముక్కలో సరిపడా బోల్టు దూర్చి రెండు వైపులా క్లిప్పు బిగించినా చాలు. మీ బండికి లీవరుతో ఆడే మెకానికల్ పంపు ఉంటే, దాన్ని తీసిన చోట ప్లేటు, గాస్కెట్ పెట్టి మూసేయాలి.

పైపుల వరస ఇది: ట్యాంకు, కాక్, జల్లి కన్నాలు పెద్దగా ఉండే ఫిల్టరు, పంపు, సన్న ఫిల్టరు, కార్బొరేటర్. పంపు ముందు సన్న ఫిల్టరు పెట్టకండి, లాగలేక రొప్పుతుంది. కాక్ ఎందుకంటే, సోలినాయిడ్ పంపు ఆగి ఉన్నా దానిగుండా పెట్రోల్ పారగలదు. ట్యాంకు నిండా కొట్టి, ముందుభాగం పల్లంలో పెట్టి బండి ఆపారనుకోండి, నీడిల్ కాస్త అరిగి ఉన్నా తెల్లారేసరికి పెట్రోల్ సిలిండర్‌లోకి దిగుతుంది. బండి షెడ్డులో పెట్టగానే కాక్ మూయడం అలవాటు చేసుకోండి.

పైపుని కొత్త బ్లేడుతో అడ్డంగా, శుభ్రంగా కోయండి. హాక్సా బ్లేడుతో కోస్తే రబ్బరు పొట్టు లోపల పడి నేరుగా నీడిల్ దగ్గర ఇరుక్కుంటుంది. మలుపులు వెడల్పుగా తిప్పండి. సైలెన్సర్‌కి కనీసం జానెడు దూరం ఉంచండి.

వైరింగ్: తొందరపడకూడని చోటు

పంపుని నేరుగా కీకి కలిపి ఊరుకోవచ్చు, బండి నడుస్తుంది. కానీ బండి గట్టు మీద ఒరిగి ఇంజను ఆగిపోతే, కీ ఆన్‌లోనే ఉంటే, పంపు పాపం తన పని తాను చేస్తూనే ఉంటుంది. పైపు ఊడి ఉంటే వేడి ఇంజను మీదే పోస్తుంది. అందుకే ఆయిల్ ప్రెషర్ ఉంటేనే పంపు నడిచేలా చేద్దాం.

మొదట కీ వేస్తే కరెంటు వచ్చే వైరు ఏదో పట్టుకోవాలి. చాలా బండ్లలో, కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలవుండే గిన్నె అడుగున ఒక చిన్న సోలినాయిడ్ ఉంటుంది. కీ వేస్తే టక్‌మని పెట్రోల్ దారి తెరుస్తుంది, కీ తీస్తే మూస్తుంది. దానికి వచ్చే వైరే మనకి కావలసింది. టెస్ట్ లైటు పెట్టి చూడండి, కీ వేస్తే వెలగాలి, తీస్తే ఆరాలి.

పొరపాటున కూడా ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్లే కిల్ వైరు జోలికి పోకండి. కీ స్విచ్ వెనక ఎం అనే అక్షరం దగ్గరి పిన్ను అదే. ఈ ఇంజన్లకి మ్యాగ్నెటో ఇగ్నిషన్. ఆ వైరుని ఎర్త్ చేస్తే ఇంజను ఆగుతుంది, 12 వోల్టులు ఇస్తే ఇగ్నిషన్ మాడ్యూల్ కాలిపోతుంది. బైకుల అలవాటు మీద మెకానిక్‌లు ఇక్కడ తప్పు చేస్తారు.

తర్వాత ఆయిల్ ప్రెషర్ స్విచ్. డాష్‌బోర్డులో ఆయిల్ లైటు ఉన్న బండికి ఇంజను పక్కన ఒక వైరుతో ఉంటుంది. ప్రెషర్ లేనప్పుడు అది ఎర్త్ కొడుతుంది, లైటు వెలుగుతుంది. ప్రెషర్ రాగానే వదిలేస్తుంది. ఈ గుణాన్నే వాడుకుందాం. కొన్ని బండ్లలో ఈ స్విచ్చే ఇగ్నిషన్‌ని ఆపుతుంది. వైరు లైటుకి కాకుండా ఇగ్నిషన్ వైపు వెళ్తుంటే దాన్ని కదపకండి, టీ పెట్టి వేరే స్విచ్ వేసుకోండి.

ఐదు పిన్నుల రిలే తీసుకోండి. మధ్య పిన్ను మీద 87ఏ అని ఉండాలి. కొన్నిటికి రెండు పిన్నుల మీదా ఉత్త 87 అనే ఉంటుంది, అది మనకి పనికిరాదు. కీ వైరు నుంచి ఫ్యూజు పెట్టి, ఫ్యూజు అవతలి కొసని రిలే మీద 30 అని ఉన్న పిన్నుకీ, 86కీ కలపండి. 85ని ఆయిల్ స్విచ్ వైరుకి కలపండి. 87ఏ నుంచి పంపు ప్లస్‌కి వైరు లాగండి. 87 ఖాళీ.

ఏం జరుగుతుందో చూడండి. కీ వేశారు, ఇంజను ఇంకా తిరగలేదు, ఆయిల్ స్విచ్ ఎర్త్ కొడుతోంది, రిలే లాక్కుంది, 87ఏ తెగింది, పంపు ఆగి ఉంది. సెల్ఫ్ కొట్టారు, గిన్నెలో ఉన్న పెట్రోల్‌తో ఇంజను అందుకుంది, ఆయిల్ ప్రెషర్ వచ్చింది, రిలే వదిలేసింది, పంపు మొదలైంది. ఇంజను ఏ కారణంగా ఆగినా, ప్రెషర్ పడిపోగానే పంపు ఆగుతుంది. 30కి బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వకండి, ఇస్తే కీ తీశాక రాత్రంతా పంపు కొట్టుకుంటూనే ఉంటుంది.

మరి గిన్నె ఎండిపోయి ఉంటే? అందుకే హారన్ బటన్. ఫ్యూజు అవతల నుంచి ఒక వైరు బటన్‌కి, అక్కడి నుంచి పంపు ప్లస్‌కి. నెలరోజులు నిలబెట్టిన బండికి ఒక అయిదారు సెకన్లు నొక్కితే గిన్నె నిండుతుంది. బటన్ నుంచి వేలు తీస్తే ఆగిపోతుంది కాబట్టి భయం లేదు.

ఈ ఏర్పాటులో ఒక లోటుంది, దాచను. ఆయిల్ స్విచ్ వైరు ఎక్కడైనా తెగితే, ప్రెషర్ ఉందనే అనుకుని కీ వేసినంతసేపూ పంపు నడుస్తుంది. కనుక ప్రతిసారీ కీ వేసి సెల్ఫ్ కొట్టే ముందు ఒక క్షణం చెవి పెట్టండి. రిలే టక్‌మని ఒక్కసారి అనాలి, పంపు చప్పుడు లేకుండా ఉండాలి. టకటక వినిపిస్తే కీ తీసి వైరు వెతకండి.

ఆయిల్ ప్రెషర్ లేకుండా, ఆయిల్‌ని లోపలే చిమ్ముకుంటూ నడిచే చిన్న ఇంజన్లకి ఈ స్విచ్ పెట్టే చోటే ఉండదు. వాటికి కార్లలో వాడే, గుద్దుకుంటే తెగే ఇనర్షియా స్విచ్ ఒకటి, పంపుకి వేరే ఆన్ ఆఫ్ స్విచ్, అది వేసి ఉంటే వెలిగే ఎర్ర లైటు పెట్టుకోవాలి. అంత గట్టి రక్షణ కాదు కానీ ఉత్త కీ కంటే మేలు.

మొదటిసారి నడపడం

కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి లీటరు సీసాలో పెట్టండి. కాక్ తెరిచి, బ్యాటరీ కలిపి, కీ వేసి బటన్ నొక్కండి. మొదట గబగబా టకటక, తర్వాత బుడగలతో పెట్రోల్, తర్వాత నిండు ధార. రెండు నిమిషాల్లో లీటరు పడితే గంటకి 30 లీటర్ల లెక్క. ఆ మొదటి లీటరుని ట్యాంకులో పోయకండి, కొత్త పైపుల్లోని చెత్తంతా అందులోనే ఉంటుంది.

పైపు తిరిగి బిగించి, టీ పెట్టి గేజ్ తగిలించి మళ్లీ నొక్కండి. ముల్లు 2, 3 మధ్య ఆగి, పంపు చప్పుడు నెమ్మదించాలి. నెమ్మదించకుండా కొట్టుకుంటూనే ఉంటే పెట్రోల్ ఎక్కడికో పోతోంది. ఎయిర్ ఫిల్టర్ తీసి కార్బొరేటర్ మూతిలోకి టార్చ్ వేసి చూడండి. తడి కనబడితే నీడిల్ మార్చాలి. పంపు కొత్తది కదా అని నీడిల్‌ని వదిలేయకండి, పల్స్ పంపు మెల్లగా తోస్తున్నంతకాలం అరిగిన నీడిల్ బయటపడదు.

ప్రతి జాయింటు కింద పాత న్యూస్ పేపర్ ముక్క పెట్టి పది నిమిషాలు ఆగండి. కంటికి కనపడని చెమ్మ కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది. మచ్చలు లేకపోతే గేజ్ తీసేసి, పాత ఆయిల్‌లో పెట్రోల్ కలిసి ఉంటే కొత్త ఆయిల్ పోసి, అప్పుడు స్టార్ట్ చేయండి.

ఇంజను నడుస్తుండగా ఆయిల్ స్విచ్ వైరుని పీకి ఎర్త్‌కి తాకించండి. పంపు వెంటనే ఆగాలి. గిన్నెలో మిగిలింది తాగేసి కాసేపటికి ఇంజను కూడా ఆగుతుంది. ఈ పరీక్ష చేయకుండా బండిని తోటలోకి తోలకండి.

తర్వాత అరగంట మెల్లగా కోయండి, ఆపి చల్లారనివ్వండి, క్లిప్పులన్నీ ఒకసారి మళ్లీ బిగించండి. కొత్త రబ్బరు మొదటి వేడికి కాస్త సర్దుకుంటుంది, నా బండిలో రెండు క్లిప్పులు పావు చుట్టు చొప్పున తిరిగాయి. వారం తర్వాత డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ లెవెల్ పెరగకుండా, పెట్రోల్ వాసన లేకుండా ఉంటే పాత పంపుని డబ్బాలో పెట్టి అటక మీద వేసేయొచ్చు. నాది ఇంకా అక్కడే ఉంది, డయాఫ్రం దొరుకుతుందేమోనన్న ఆశ పూర్తిగా చావక.